అభా లైనులో తాగని టీలు

నాకు పట్టికలు కలలోకి వస్తాయి. అడ్డగీతలు, నిలువుగీతలు, మధ్యలో గడులు. కలలో ఆ గడుల్లో అంకెలుండవు, పాలుంటాయి. ఒక గడి నిండి పక్క గడిలోకి మెల్లగా పొర్లుతుంది. నేను లుంగీ ఎగ్గట్టి, మా వైపు వరిమడికి నీళ్ళు మళ్ళించినట్టు, ఆ గీతల గట్లమీద నడుస్తుంటాను. ఎక్కడ గండిపడిందో వెతుక్కుంటూ తిరుగుతాను. మధ్యాహ్నం కునుకు తీసి లేచినప్పుడు అరచేతులు తడిగా ఉన్నాయేమోనని చూసుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి కల రావడంలో వింతేమీ లేదు. నేను సౌదీలో అల్ ఖర్జ్ అనే ఊళ్ళో ఒక పాల కంపెనీలో రవాణా ప్లానింగ్ చేస్తాను. కిటికీలోంచి చూస్తే గోధుమరంగు నేల, దాని మధ్య ఎవరో గుండ్రంగా కత్తిరించి అతికించినట్టున్న పచ్చగడ్డి పొలం, ఆ అవతల ఆవుల షెడ్లు. షెడ్ల పైనుంచి రోజంతా నీటి తుంపర పడుతూనే ఉంటుంది. ఎండలో ఆ తుంపర పొగలా లేచి, ఆవులు నేలమీద కాకుండా మబ్బులో నిలబడి నెమరేస్తున్నట్టు కనిపిస్తాయి. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఇంకా మొహం మొత్తలేదు.

మా పాలు రెండుచోట్ల నుంచి బయలుదేరతాయి. ఒకటి ఈ ప్లాంటు, రెండోది జెద్దాలో మా శీతల గిడ్డంగి. చేరాల్సిన ఊళ్ళు మాత్రం చాలా. ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని లారీలు పంపితే మొత్తంమీద రోడ్డుమీద గడిచే గంటలు తగ్గుతాయో తేల్చాలి. కాలేజీలో దీన్ని ట్రాన్స్‌పోర్టేషన్ ప్రాబ్లం అన్నారు. వాయవ్య మూల గడితో మొదలుపెట్టండి అని మా మాస్టారు బోర్డుమీద రాస్తే, వెనక బెంచీలోంచి ఎవరో "సార్ వాస్తు కూడా చెప్తరా" అన్నారు. క్లాసంతా నవ్వింది, మాస్టారూ నవ్వారు. నాకు మాత్రం ఆ గడులమీద అప్పుడే మనసు పడింది. ఇంత పెద్ద లోకాన్ని అంత చిన్న పట్టికలో కూర్చోబెట్టొచ్చనే సంగతి నన్ను మత్తులో ముంచింది. ఆ మత్తే నా చేత తప్పు చేయించింది.

ఒక చలికాలం మొదట్లో లారీల ట్రాకర్ రికార్డు మొత్తం ముందేసుకుని కూర్చున్నాను. ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో నిమిషాలతో సహా అందులో ఉంటుంది. చూస్తుంటే అభాకు వెళ్ళే ఒక బండి ప్రతి వారం అక్కడ గంటన్నర ఊరికే నిలబడుతోంది. డిపోలో మా బండి దింపడం ఆలస్యమవుతోంది కాబోలు అనుకున్నాను. నిజాయితీగా ఆ గంటన్నరా తీసుకెళ్ళి అభా గడిలో కలిపాను. పదమూడు గంటల లైను పద్నాలుగున్నర అయింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, చిన్నదే. జెద్దా గిడ్డంగిలో మిగిలే సరుకు తబూక్‌కో అభాకో ఏదో ఒక ఊరికే సరిపోతుంది. రెండో ఊరికి మేం పంపాలి. మేం అభాకు పంపితే పదమూడు గంటలు, అప్పుడు జెద్దా నుంచి తబూక్‌కు మరో పదమూడు. మేం తబూక్‌కు పంపితే పదిహేడు, జెద్దా నుంచి అభాకు తొమ్మిది. ఎటు కూడినా ఇరవై ఆరే. కానీ నేను కలిపిన గంటన్నరతో త్రాసు ఒకవైపు మొగ్గింది. కంప్యూటర్ ఒక్క క్షణం ఆలోచించి, ఇకనుంచి అభాకు జెద్దావాళ్ళే పంపుకోవాలని, మా బండ్లు తబూక్ వెళ్ళాలని తేల్చింది. నేను ఆ షీటు ప్రింటు తీసి డ్రైవర్ల గదిలో అంటించి, మా కంపెనీ మజ్జిగ, లబన్ తాగి, హాయిగా ఇంటికెళ్ళిపోయాను.

ఐదు వారాల తర్వాత ఒక డ్రైవరు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కడప వైపు మనిషి. నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని, అంతకుముందు రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళిపోయాడట. మాకిక్కడ ఒక అలవాటుంది. లైను మార్చారంటే పైనవాళ్ళకు కోపం వచ్చిందనుకుంటారు, ఎందుకని అడిగితే ఆ కోపం పెరుగుతుందనుకుంటారు. అందుకని ఎవరూ అడగరు. అతనూ ఐదు వారాలు అడగకుండా తబూక్ తిరిగాడు.

"సార్, నేనేమన్నా తప్పు చేసినానా?" అన్నాడు.

"తప్పేంది తమ్మీ? లోపలికి రా, కూసో."

కూర్చోలేదు. "అభా లైన్ తీసేసినారు గదా సార్. మళ్ళా ఎయ్యరా?"

నాకు ఒళ్ళు మండింది. పట్టిక జోలికి ఎవరొచ్చినా నాకంతే. "నా చేతుల ఏముంటది? కంప్యూటర్ ఇచ్చింది గది. అక్కడ బండి గంటన్నర ఉత్తగనే ఆగుతుంది. నువ్వే గదా తోలింది?"

"నేనే సార్. నేనే ఆపుతాండా." నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఆడ మా అక్క ఉండాది."

అక్క అభాలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. వచ్చి నాలుగేళ్ళయింది. ఆ ఇంట్లో మంచంలో ఉన్న ముసలావిడను చూసుకోవడం ఆమె పని. డిపోలో పాలు దింపాక ఇతను ఆ వీధి చివర బకాలా దగ్గర, అంటే మన కిరాణా కొట్టులాంటిదాని దగ్గర, లారీ ఆపుకుని ఉంటాడు. ముసలావిడ నిద్రపోతే అక్క రొట్టెలకని బయటికొస్తుంది. ఎప్పుడు నిద్రపోతుందో తెలియదు కాబట్టి గంటన్నర చూస్తాడు. అక్క నిలబడేది ఏడెనిమిది నిమిషాలు.

"ఫోన్ లేదా ఆమెకు?"

"ఉండాది సార్. ఫోన్లో ఎప్పుడడిగినా బాగుండా అనే చెప్తాది. మొగం చూస్తేనే తెలుస్తాది గదా సార్ ఎట్లుండేది. ఐదు వారాలాయ చూడక."

నేను ఎప్పటిలా లెక్కల్లోకి దూరాను. "దావల టీకి ఎక్కడెక్కడ ఆగుతవ్?" అని అడిగాను.

"యాడా ఆగను సార్. ఫ్లాస్కులో పోసుకొని తాగుతా పోతా. ఆ టైం అంతా దాచిపెట్టుకొని అక్క కాడ ఆగుతా."

అప్పుడు నా తప్పు నాకు తెలిసింది. దూరపు లైన్లన్నిటికీ దారిలో మూడు టీలకని గంటన్నర ముందే కలిపి ఉంచుతాను. అందరూ ఆగుతారు, ఆగాలి కూడా. అభా లైను పదమూడు గంటల్లో ఆ టీలూ ఉన్నాయి. ఇతను ఆ టీలు తాగలేదు. తాగని టీలు అతని లెక్కలో కట్టి, వాటి బదులు అక్క కోసం ఆగిన గంటన్నర మళ్ళీ కలిపాను. ఒకే గంటన్నరను అతని దగ్గర రెండుసార్లు లాక్కున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మాట అతనితో మాత్రం అనలేదు. చూద్దాంలే అని పంపించేశాను.

మధ్యాహ్నం తెల్లకాగితం తీసుకుని పెన్సిల్‌తో వేశాను. కంప్యూటర్ ఎప్పుడూ ఒక్క జవాబే ఇచ్చి ఊరుకుంటుంది. అంతే మంచి జవాబు ఇంకొకటి ఉందేమో అడిగితే తప్ప చెప్పదు. చేత్తో చేస్తే అలా కాదు. ఖాళీ గడిలో ఒక బండి పెట్టి, దాని కోసం పక్క గడిలో ఒకటి తీసి, కింద ఒకటి కలిపి, మళ్ళీ ఒకటి తీసి, నాలుగు మూలలూ తిరిగి మొదటి గడికి రావాలి. పెన్సిల్ అలా తిరుగుతుంటే నాకు నిజంగానే తబూక్ చలి, జెద్దా ఉక్క, అభా పొగమంచు ఒకదాని తర్వాత ఒకటి తగిలాయి. చుట్టు పూర్తయ్యాక కూడి చూస్తే తేడా సున్నా. రెండు దారులూ సమానం. కంపెనీకి ఒక్క నిమిషం నష్టం లేదు. ఆ సున్నా చుట్టూ గీత గీసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అంత అందమైన అంకె నేనెప్పుడూ చూడలేదు.

మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు ఆయన, మంచివాడే, కాకపోతే రాసి ఉన్నదాన్నే నమ్ముతాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "యా ముహందిస్, ఇంజినీరువి నువ్వు, నీ పెన్సిల్ ఒకటి చెప్తోంది, ట్రాకర్ ఇంకోటి చెప్తోంది. నువ్వే బండెక్కి వెళ్ళు. వాచీ పెట్టుకుని కొలిచి రా, అప్పుడు మారుద్దాం" అన్నాడు. పదకొండేళ్ళలో నేను లారీ ఎక్కింది లేదు. నా లారీలన్నీ కాగితం మీదే తిరిగాయి.

మర్నాడు మధ్యాహ్నం బయలుదేరాం. అంత ఎత్తులో కూర్చుంటే రోడ్డు మన కిందికి వచ్చి మాయమవుతున్నట్టు ఉంటుంది. ఖర్జ్ పచ్చదనం అద్దంలో చిన్నదై, చుక్కై, పోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా ఎన్ని రంగుల్లో ఉంటుందో ఆ దారిలోనే చూశాను. ఒకచోట నేల ఇటుకపొడిలా, ఇంకోచోట పాతబడ్డ తెల్లపంచెలా. దూరంగా ఒంటెలు కదులుతున్నాయో ఆగి ఉన్నాయో తెలియదు. వెనకనుంచి శీతల యంత్రం ఒకే శ్రుతిలో మూలుగుతుంటే నాకు కళ్ళు మూతలు పడేవి. తెరిచేసరికి మళ్ళీ అదే నేల, అదే ఆకాశం. పట్టికలో నేను ఒక్క గడిగా రాసే చోటు ఇంతుందా అనుకున్నాను.

టీ బంకులు వచ్చినప్పుడల్లా మిగతా లారీలు పక్కకు తిరిగేవి. ఇతను తిప్పేవాడు కాదు. ఫ్లాస్కు నా వైపు జరిపి "తాగన్నా" అనేవాడు. సగం దారిలో ఉన్న వాది అద్దవాసిర్ చేరేలోపే సార్ పోయి అన్న అయ్యాను. నేను ప్రతి బంకు దగ్గరా వాచీ చూసి పుస్తకంలో రాసుకుంటుంటే ఓరకంట చూసి నవ్వాడు.

"నిద్రలో గూడా రాస్తావేమన్నా?"

"కలల గూడ రాస్తనే ఉంట తమ్మీ" అన్నాను. అతను నమ్మలేదు.

వాదిలో పడుకుని, తెల్లవారాక మళ్ళీ కదిలాం. ఖమీస్ ఊరు దాటేసరికి గాలి మారిపోయింది. అద్దం దించితే తడి మట్టి వాసన. అభాలోకి మేం పొగమంచులోంచి వెళ్ళాం. కొండలు కనబడవు, ఉన్నాయని తెలుస్తుంది. రోడ్డు పక్క గోడమీద పెద్ద కోతులు ఒళ్ళు ముడుచుకుని, ఎవరో పిలుస్తారని కూర్చున్నట్టు కూర్చున్నాయి. డిపోలో పాలు దింపడానికి నలభై నిమిషాలు పట్టింది. రాసుకున్నాను. ఎక్కడా ఆలస్యం లేదు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బకాలా ముందు లారీ ఆపాడు. ఇంజను ఆపలేదు, ఆపితే చలి. వీధి చివర ఒక ఇనుప గేటు ఉంది. అతను దాన్నే చూస్తున్నాడు. నేను వాచీ చూస్తున్నాను. అరగంట. గంట. మంచు గేటును మింగేస్తోంది, మళ్ళీ వదుల్తోంది. వదిలినప్పుడల్లా అక్కడ ఎవరో ఉన్నట్టే ఉంటుంది, ఎవరూ ఉండరు. నాకు ఆమె ఎవరో తెలియదు, మొహం తెలియదు, అయినా రావాలని మనసులో మొక్కుకుంటున్నాను. గంటన్నర అయింది.

అతను గేరు మీద చెయ్యి వేశాడు. "పోదామన్నా. టైం అయిపాయ."

"ఆగు."

"నువ్వే గదన్నా రాస్తాండేది. ఎక్కువైతే మళ్ళా..."

"రాస్తలేను. పుస్తకం లోపల పెట్టిన. ఆగు నువ్వు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇంకో పావుగంటకు ఆమె వచ్చింది. ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలో, మెల్లగా, గోడ పట్టుకుని. అతను ఒక్క దూకు దూకి దిగాడు. నేను కాస్త వెనకగా దిగి నిలబడ్డాను.

"ఏమిరా, ఇన్ని దినాలు? తిన్యావా?" అంది.

"తిన్యా. నువ్వెట్లుండావక్కా?"

"నాకేమి, బాగుండా. నువ్వే చిక్కిపోయినావు." నన్ను చూసి కొంగు సర్దుకున్నట్టు అబాయా సర్దుకుంది. "ఈయనెవురు?"

"మా ఆఫీసు అన్న. లైన్లు ఈయనే ఏస్తాడు."

ఆమె చేతులు జోడించింది. "మావోన్ని ఈ పక్కకే ఏస్తా ఉండు నాయనా" అంది, అంతే. నవ్విన మొహం కాస్త నిండుగా కనబడింది. పరవాలేదు, తిండి బాగానే పెడుతున్నట్టున్నారు అనుకున్నాను. కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు, పెద్దవి, వేసుకుని వచ్చింది. తొందరలో చేతికందినవి వేసుకుందనుకున్నాను. రొట్టెల పొట్లం తీసుకుని, తమ్ముడి చెంప ఒకసారి తడిమి, గోడ పట్టుకునే వెళ్ళిపోయింది. ఎనిమిది నిమిషాలు.

నాకు గుండె తేలికైంది. తిరిగి వస్తూ ఖమీస్ దాటేదాకా నేనే ఏదేదో మాట్లాడాను, పాటలాంటిది కూడా తీశాననుకుంటాను. అతను వైపర్లు వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు. మంచు పలచబడి రోడ్డు కనబడ్డాక లారీ పక్కకు తీసి ఆపాడు.

"అక్క బాగలేదన్నా."

"ఎందుకు? మంచిగనే ఉంది గద. మొఖం గూడ నిండింది."

"అది నిండింది కాదన్నా, వాపు. ఆ చెప్పులు చూసినావా? వాళ్ళ బాబావి, ఆ ఇంటి యజమానివి. ఆమె చెప్పులు కాళ్ళకు పట్టడంల్యా." స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేనూ అదే మొహం, అవే కాళ్ళు చూశాను. పదకొండేళ్ళుగా నిమిషాలు కూడా వదలకుండా చూసే మనిషిని, నాకేమీ కనబడలేదు.

ఆ వారమే నా పుస్తకం ముదీర్ ముందు పెట్టాను. గంటలు సరిపోయాయి. ఆ పావుగంట కూడా చివర్లో రాసి, నా వల్లే అయిందని చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం పెట్టాడు. అభా మళ్ళీ మాకొచ్చింది, ఆ లైనులో అతను.

తర్వాతి రెండు ట్రిప్పుల్లో అతను వీధి చివర ఆగలేదు. నేరుగా గేటు కొట్టి ఆ ఇంటి బాబాతో మాట్లాడాడు. బాబా చెడ్డవాడేం కాదు. బాగుందని ఆమె చెబుతోంది కదా అనుకున్నాడట, అందరిలాగే. ఆసుపత్రికి తీసుకెళ్తే మూత్రపిండాల జబ్బన్నారు. ఆయనే ఎగ్జిట్ వీసా కొట్టించి, టికెట్ తీసి పంపాడు. ఎండలు ముదరకముందే ఆమె కడప చేరింది.

మందులు పనిచేస్తున్నాయని కబురొచ్చిన రోజు అతను నా గదికొచ్చాడు. ఈసారి అడక్కుండానే కూర్చున్నాడు.

"వాపు తగ్గిందంటన్నా. ఇంగో నెల ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని డాక్టర్ చెప్పినాడంట. నువ్వు లైన్ మళ్ళా మార్చబట్టి సరిపాయ." లేచి నా చేతులు పట్టుకున్నాడు. "ఇంగ నాకు అభానే కావాలని లేదు. యాడికన్నా ఎయ్యి."

నాకు సంతోషమే. కానీ ఇంకో నెల అన్న మాట నా లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఐదు వారాలు అతన్ని తబూక్ తిప్పింది నేను. ఆ ఐదు వారాల్లోనే ఆ కాళ్ళు వాచి ఆ చెప్పులకు వచ్చి ఉంటాయి. అతను నాకు దండం పెడుతుంటే మింగుడు పడలేదు.

"తమ్మీ, ఆ అభా తీసేసింది గూడ నేనే. కంప్యూటర్ కాదు. నువ్వు తాగని టీలు నీ లెక్కల కలిపిన. తప్పు నాది" అన్నాను.

అతను నా చేతులు వదల్లేదు.

"తెలుసన్నా. నువ్వు దావంతా టీ బంకులు రాసుకుంటాంటే అప్పుడే తెలిసిపాయ. తబూక్ దావలో ఐదు వారాలు నిన్ను తిట్టని తిట్టు లేదు." అప్పుడు చేతులు వదిలి కుర్చీలో కూర్చుని, "ఆ దినం ఆగు అన్యావు సూడు, ఆడికి ఆపేసినా తిట్టేది" అన్నాడు.

నేను ఏడ్చాను. అతను లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.